ముదిసిన తీగలమీద దేశభారము

క్రొత్త విద్యుత్తు లైనునకు ప్రారంభోత్సవము జరిగినప్పుడు మంత్రులు వత్తురు, తోరణములు కట్టుదురు, మీట నొక్కుదురు, మరునాడు పత్రికలలో ఛాయాచిత్రములు పడును. నలువది యేండ్ల క్రిందట వేసిన లైనులో అరిగిపోయిన కొక్కెము నొకదానిని మార్చిననాడు ఎవ్వరును రారు. మార్చినవాని పేరు వాని మేస్త్రీకి దప్ప అన్యులకు తెలియదు. మనకు మొదటి పనియందున్న ఉత్సాహములో పదవవంతైనను రెండవ పనియందు లేకపోవుట వలన ఎట్టి అనర్థము సంభవింపగలదో పాఠకులకు విన్నవింపదలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

కొక్కెమను మాటను ఊరక వాడలేదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని కాలిఫోర్నియాయందు, ఫెదర్ నది లోయమీదుగా, కారిబూ నుండి పలెర్మో వరకు 115 కిలోవోల్టుల లైనొకటి ఉండెడిది. దానిని ఇంచుమించు నూరేండ్ల క్రిందట గ్రేట్ వెస్టర్న్ పవర్ కంపెనీవారు నిర్మించిరి. 1930లో అది పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీవారి వశమయ్యెను. 2018 నవంబరు 8వ తేది ఉదయమున, పొడిగాలి బలముగా వీచుచుండగా, ఆ లైనులోని యొక టవరుమీద ఇన్సులేటర్ల దండను మోయుచున్న ఉక్కు కొక్కెము తెగిపోయెను. దండయు దానితోకూడ తీగయు జారినవి. తీగ వచ్చి టవరు ఇనుమునకు తగిలెను. అప్పుడు పుట్టిన మంటకు లోహము కరగి, నిప్పు బొట్లు క్రిందనున్న ఎండుగడ్డిపై రాలినవి. తరువాతి పనిని గాలి పూర్తిచేసెను. కొన్ని గంటలలో పారడైజ్ అను పట్టణము బూడిదకుప్ప అయ్యెను. ఆ పేరునకు స్వర్గమని అర్థము. 85 మంది మరణించిరి. 18 వేలకు మించిన కట్టడములు, లక్షన్నర ఎకరములకు పైబడిన నేల దగ్ధమైనవి.

ఆ కొక్కెమును 1919లో కొన్నప్పుడు ఇచ్చిన వెల 56 సెంట్లని ఆ జిల్లా ప్రభుత్వ న్యాయవాదులు జరిపిన విచారణలో తేలినది. డాలరులో సగమునకు కొంచెము పైమాట. అది వెలితియైన ఉక్కు కాదు. చేసిన పనివాని తప్పును కాదు. గాలి వీచినప్పుడెల్ల దండ ఊగును. దండ ఊగినప్పుడెల్ల కొక్కెము తాను తగులుకొనియున్న రంధ్రపుటంచుపై రాచుకొనును. ఏత మెక్కిన త్రాడు ఒరిపిడికి అరిగినట్లు, ఇనుముపై ఇనుము పగలును రాత్రియు ఒరసి, ఒక శతాబ్దమునకు కొక్కెములో మిగిలినది సన్నని పలుకు మాత్రమే. ఆ పలుకుమీద ఒక పట్టణము వ్రేలాడుచుండెను.

కంపెనీవారికి హెచ్చరికలు లేకపోలేదు. 2012 డిసెంబరులో వీచిన గాలివానకు అదే లైనున ఐదు టవర్లు కూలినవి. ఆ కంపెనీ తరపున జరిగిన యొక పరిశీలనలో టవర్ల సగటు వయస్సు 68 ఏండ్లనియు, వాని సగటు ఆయుర్దాయము 65 ఏండ్లనియు, మిక్కిలి పాతవానికి 108 ఏండ్లు నిండినవనియు వెల్లడియైనది. అనగా గుంపులో సగటు టవరు తన ఆయువు చెల్లిన పిదప మూడేండ్లుగా నిలిచియున్నదన్న మాట! అయినను లైనును నేలమీదినుండియు, హెలికాప్టరునుండియు చూచి సరిపెట్టుకొనిరే గాని, పైకెక్కి కొక్కెమును చేతితో తడవి చూచినవారు లేరు. దూరమునుండి చూచువానికి కొక్కెపు వెలుపలి వంపు కనబడును. అరుగుదల లోపలి వంపులో ఉండును. 2019 జనవరిలో ఆ కంపెనీ దివాలా న్యాయస్థానము నాశ్రయించెను. 2020 జూనులో 84 మంది మరణములకు తాను దోషినని న్యాయాధిపతి యెదుట ఒప్పుకొనెను. మృతుల ఛాయాచిత్రములను ఒకదాని వెంట నొకటిగా చూపుచు పేరు పేరున చదువగా, కంపెనీ అధ్యక్షుడు ప్రతి పేరునకును దోషినని బదులు పలుకవలసివచ్చెను. విధింపబడిన జరిమానా సుమారు 35 లక్షల డాలర్లు. నష్టపరిహారముల సంగతి వేరు. అవి వేయికోట్ల డాలర్లకు మించినవి. ఆ లైనును మరల నడుపక విడిచిపెట్టిరి.

ఇది ధనికదేశపు కథ. యంత్రవిద్యయందు వారికి లోటు లేదు, ధనమునకు లోటు లేదు. లోటు మరియొకచోట నున్నది. దానిని తెలిసికొనుటకు ముందు, మనము రైలులో పోవుచు ప్రతిదినము చూచి మరచిపోవు ఈ లైను ఎట్టిదో కొంచెము విచారింపవలసియున్నది.

టవర్ల నడుమ వ్రేలాడు తీగ ఒకే లోహము కాదు. నడుమ జస్తాపూత గల ఉక్కుపోగులు, వానిచుట్టు పేనిన అల్యూమినియం పోగులు. కరెంటును మోయునది అల్యూమినియం. బరువును మోయునది ఉక్కు. జస్తాపూత క్షయించిననాడు ఉక్కు తుప్పుపట్టును, కాని ఆ తుప్పు అల్యూమినియము చాటున నుండుటచే పైకి కనబడదు. పెనుగాలి తీగకు చేయు హాని అందరును ఎరుగుదురు. మందగాలి చేయు హానిని ఎరిగినవారు తక్కువ. సాయంకాలము పొలము గట్టున నిలిచినవారికి తీగలు మూల్గుచున్నట్లు వినబడుట అనుభవములోనిదే. ఆ మూల్గు తీగయొక్క కంపము. సెకనుకు పలుమారులు, దినదినము, ఏండ్ల తరబడి తీగ కంపించినచో, దానిని పట్టుకొనియున్న బిగింపువద్ద పోగులు ఒకటొకటిగా తెగును. దీనిని తగ్గించుటకే తీగకు టవరు దాపున చిన్న డంబెలు వంటి వస్తువును వ్రేలాడగట్టుదురు. అది 1920 ప్రాంతముల స్టాక్‌బ్రిడ్జ్ అను అమెరికా ఇంజనీరు కనిపెట్టినది. వెల కొంచెము, మేలు కొండంత. అది జారిపోయి తీగమధ్యమునకు చేరుటయు, గుండు ఊడి రాలిపోవుటయు కలదు. అట్లు జరిగినదని చెప్పువాడు లైనువెంట నడచుచుండవలెను గదా.

ఇన్సులేటర్లకు వేరొక వ్యాధి. కాకినాడ, విశాఖపట్టణము, మచిలీపట్టణము వంటి సముద్రతీరములందు గాలిలోని ఉప్పు పింగాణీ గిన్నెలపై పేరుకొనును. ఎండలో ఆ ఉప్పు ఏమియు చేయదు. పుష్యమాసపు మంచు దానిని తడిపిన రాత్రి, కరెంటు గిన్నెలమీదుగా ప్రాకి టవరునకు దూకును, లైను ఆగును. ఉత్తరదేశమున ధూళియు పొగమంచును కలిసి శీతకాలమున లైన్లను వరుసగా ఆపివేసిన పిమ్మటనే అక్కడ పింగాణీ గిన్నెలను తీసి పాలిమరు ఇన్సులేటర్లను విరివిగా పెట్టిరి. టవరు మాట చెప్పనక్కరలేదు. చవుడు నేలలలో దాని కాళ్ళు కాంక్రీటులో దిగినచోటనే, మట్టి తాకి తాకనిచోట, తుప్పు తినివేయును. పైనున్న ఇనుము వెండివలె మెరయుచునే యుండును.

ఇక మన సంగతి. మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము 1955లో పని మొదలుపెట్టెను. ఆంధ్రప్రదేశ్ విద్యుత్తు బోర్డు 1959లో ఏర్పడెను. కొత్తగూడెము థర్మల్ కేంద్రము 1966లోను, దిగువ సీలేరు 1976లోను, నాగార్జునసాగరు విద్యుద్గృహము 1978లోను, విజయవాడ థర్మల్ కేంద్రము 1979లోను వెలసినవి. ఆ కేంద్రములతోపాటు పుట్టిన లైన్లలో నేటికిని సేవచేయుచున్నవాని వయస్సెంతయో పాఠకులే లెక్కవేసికొనగలరు. కేంద్ర విద్యుత్తు నియంత్రణ సంఘమువారు తమ నిబంధనలలో లైనునకు ఉపయోగకాలము 35 ఏండ్లని నిర్ణయించిరి. అది లెక్కలకొరకు వేసిన జాతకమే గాని లైనుయొక్క నిజమైన ఆయువు కాదని మేమెరుగుదుము. పొడినేలపై చక్కగా కాపాడిన లైను అరువది యేండ్లు నిలువవచ్చును. ఉప్పుగాలిలో అశ్రద్ధచేసిన లైను ముప్పది యేండ్లకే కూలవచ్చును. వయస్సునుబట్టి మాత్రమే మార్చుట దుబారా. కూలువరకు ఊరకుండుట ద్రోహము. ఈ రెంటినడుమ సరియైన సమయ మేదియో నిర్ణయించుటకు ప్రతి టవరు స్థితియు తెలిసియుండవలెను. తెలియుటకు చూడవలెను. చూచుటకు మనుష్యులను నియమింపవలెను. కష్టమంతయు ఇక్కడనే యున్నది.

ఎందుకనగా, మన చార్జీల పద్ధతిలో క్రొత్త లైనునకు పెట్టిన మూలధనముపై కంపెనీకి నిర్ణీతమైన రాబడి కలదు. మరమ్మతునకు చేసిన వ్యయముపై రాబడి లేదు. అది ఉత్త ఖర్చు. బడ్జెటు బిగువైన సంవత్సరమున మొదట కత్తెర పడునది దానికే. పడినను ఆ సంవత్సరము దీపములు వెలుగుచునే యుండును గనుక కత్తిరించినవానికి చిక్కులేదు. దాని ఫలమును పదునైదేండ్ల తరువాత వచ్చు మరియొక అధికారి అనుభవించును. కాలిఫోర్నియాలో జరిగినది ఇదియే, మన జిల్లాలలో జరుగుచున్న పక్షమున అదియు ఇదియే.

మన పెద్దలు ఈ చిక్కును విద్యుత్తు పుట్టకముందే ఎదుర్కొనిరి. చెరువు త్రవ్వించుటకు పుణ్యమును కీర్తియు కలవు, శిలాశాసనము కలదు. మరి పూడిక తీయువా డెవడు? కట్టకు గండిపడకుండ చూచువా డెవడు? దీనికై రాయలసీమ ప్రాంతమున దశబంధపు ఇనాములు ఏర్పడినవి. చెరువును కట్టి కాపాడువానికి దాని ఆయకట్టులో కొంత భూమిని గాని, శిస్తులో కొంత భాగమును గాని ఇచ్చి, మరమ్మతు చేసినంతకాలమే అది నిలుచునట్లు షరతు విధించిరి. మరమ్మతు మానినచో ఇనాము పోవును. గ్రామములందు కుడిమరామత్తు అను కట్టుబాటును ఉండెడిది. ఇవి చెడిపోయిన తరువాత మన చెరువులు ఏమైనవో భూస్వాములకు మేము చెప్పనక్కరలేదు. లైన్లకును ఇట్టి దశబంధమే కావలెనని మా సూచన. లైను సంపాదించు చార్జీలో ఒక భాగము దాని సంరక్షణకే ముడిపడియుండవలెను, అన్యమునకు మరల్చరాదు, ఖర్చు చేయని సంవత్సరమున ఆ సొమ్ము కంపెనీకి లాభముగా మిగులరాదు. నియంత్రణ సంఘములవారికి ఇట్లు శాసించుట అసాధ్యము కాదు.

మార్చుట అనగా పాతదానిని పెరికి అట్టిదానినే పాతుట అని తలంపరాదు. పాత తీగ 75 డిగ్రీల వేడికి మించి భరింపజాలదు; ఆపైన సాగి నేలకు దిగును, బలము కోల్పోవును. ఇప్పుడు కార్బను నారతోనో, ఇన్వార్ అను మిశ్రలోహముతోనో నడిమిపోగు చేసిన క్రొత్త తీగలు వచ్చినవి. అవి 150 డిగ్రీలకు మించిన వేడియందును అంతగా సాగవు. పాత టవర్లు గట్టివైనచో వానిమీదనే ఈ తీగను లాగి, ఇంచుమించు రెండింతల కరెంటును పంపవచ్చును. తీగ ఖరీదు ఎక్కువ. కాని క్రొత్త దారి అక్కరలేదు, క్రొత్త పునాదులు అక్కరలేదు, ఇంకొకరి పొలములో అడుగుపెట్టనక్కరలేదు. భూమి కరవైన కృష్ణా, గోదావరీ డెల్టాలలో ఈ పద్ధతిని మించినది మాకు తోచకున్నది.

అయితే నడచుచున్న బండికి చక్రము మార్చుట వంటిది ఈ పని. పనిచేయుటకు లైనును ఆపవలెను. ఆపిన భారము ప్రక్కలైనుపై పడును. 2012 జూలైలో ఏమి జరిగెనో స్మరింతము. బీనా, గ్వాలియరుల నడుమ 400 కిలోవోల్టుల లైన్లు రెండుండగా, ఒకదానిని 765 కిలోవోల్టులకు హెచ్చించు పనికై ముందే ఆపియుంచిరి. భారమంతయు రెండవదానిపై పడెను. 30వ తేది రాత్రి రెండున్నర గంటల వేళ అదియు విడిపోయెను. ఉత్తరదేశము చీకటియయ్యెను. మరునాడు మధ్యాహ్నము మరల కూలి, ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతములలో అరువదికోట్ల జనులున్న ప్రదేశమంతయు కరెంటు లేక నిలిచిపోయెను. అప్పుడు దక్షిణదేశము తప్పించుకొనెను. ఏలయన మన గ్రిడ్డు ఇంకను వారితో ఒక లయలో కలియలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపురము లైనుతో కలిసినది. అందువలన మనకు లాభము మిక్కుటమే. కాని ఎక్కడి లైను తెగినను మనకేమి అని కూర్చుండు కాలము గతించినది. సంరక్షణకై లైనును ఆపుటకూడ అపాయమే కనుక అసలే ఆపకుందమని వాదించువారు కలరు. వారికి సమాధానము టెక్సాస్ దక్షిణభాగమున దొరకును. అక్కడ 2015 నాటికి 345 కిలోవోల్టుల లైన్లలో కరెంటు ప్రవహించుచుండగనే పాత తీగలు తీసి క్రొత్తవి వేసిరి. కరెంటుండగా లైనుపై పనిచేయు నేర్పు మనదేశపు పనివారికిని లేకపోలేదు. లోహపుపోగులు నేసిన దుస్తులు ధరించి, తీగతో సమానమైన వోల్టేజియందు నిలిచి పనిచేయువారు మనలోను ఉన్నారు. వారి సంఖ్యను పెంపవలెను.

రైతులు అడుగు ప్రశ్న మాకు తెలియును: మా పొలములో టవరు నిలుపుటకు మమ్మడిగినదెవరు? న్యాయమైన ప్రశ్న. 1885 నాటి టెలిగ్రాఫు చట్టపు అధికారములను 2003 విద్యుత్తు చట్టము లైను వేయువారికి అందజేసెను. భూమి రైతుదే యని చట్టము చెప్పును. దున్నుటకు వీలులేని భాగమునకు శిస్తు కట్టువాడును రైతే. చిరకాలము పంటనష్టము తప్ప వేరేమియు ఇయ్యలేదు. 2015లో కేంద్రప్రభుత్వము టవరు నిలిచిన నేలకు భూమి విలువలో 85 శాతము, తీగల క్రింది దారికి 15 శాతము వరకు ఇయ్యవలెనని సూచించెను. 2024 జూనులో మొదటిదానిని 200 శాతమునకు, రెండవదానిని గ్రామములలో 30 శాతమునకు పెంచెను. ఇవి సూచనలే, రాష్ట్రములు స్వీకరించిననాడే రైతుకు దక్కును. పాత లైన్లక్రింద నున్నవారికి ఇందులో ఏమియు లేదు. వారి పొలములోనికి మరల మనుష్యులు, యంత్రములు దిగవలసినప్పుడు, పంటనష్టమును కోతకు ముందే, చేతిలో పెట్టినగాని సహకారము ఆశింపరాదు.

ఋతువుల చిక్కొకటి కలదు. పొలము ఖాళీగానుండు వేసవిలో లైనును ఆపుటకు వీలుకాదు. ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వరకు మన రాష్ట్రములలో కరెంటు వాడుక శిఖరమునందుండును. లైనును ఆపవీలైన వర్షకాలమున చేలో నీరు, నీటిలో వరి. తుపానుల భయము అక్టోబరు, నవంబరులలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకినప్పుడు నగరము దినముల తరబడి చీకటిలో మ్రగ్గినది మనకు జ్ఞాపకమే. కావున చూచు పని వానలకు ముందును, మార్చు పని సార్వా కోసిన తరువాత దాళ్వా నాట్లు ముదురకముందును జరుగవలెను. ఏడాదిలో అది కొద్ది వారములే. ఆ వారములు వచ్చునప్పటికి టెండర్లు తెరువబడి, సామాను గిడ్డంగిలో నుండి, పనివారు సిద్ధముగా నుండవలెను. మన ఆఫీసులలో టెండరు తెరచునప్పటికి దమ్ము మొదలగుట వాడుక.

తప్పు సర్కారువారిదే యని వ్రాసి ఊరకుండుట సులభము. టవరు కాళ్ళచుట్టు మట్టినెత్తి ఇటుకబట్టీలకు అమ్మువారు సర్కారు నౌకరులు కారు. టవరు అడుగుభాగమున అడ్డకమ్మీలు విప్పి పాతయినుప కొట్టులో వేయువారును, తెలిసి కొనువారును మనలోనివారే. నాలుగు కమ్మీలు పోయిన టవరు ఎండలో నిలుచును, గాలివానలో నిలువదు. లైను క్రింద సుబాబులు పెంచి, కొమ్మలు కొట్టవచ్చినవానిని తరిమినవారిని మేమెరుగుదుము.

ఇంక పైకెక్కు పనివాడు. వానిలో పెక్కురు నేడు కాంట్రాక్టరు క్రింద పనిచేయువారు. లైన్ క్లియరు తీసికొని, తీగకు ఎర్తు కట్టినగాని ఎక్కరాదని నియమము. ఒత్తిడిలో ఈ నియమము తప్పినప్పుడు పోవునది వాని ప్రాణము. నడుము పట్టీ, చేతొడుగులు వీనికి లెక్క చూచు కాంట్రాక్టరును బిల్లులోనే పట్టుకొనవలెను, శవపంచనామాలో కాదు.

రెండు రాష్ట్రముల ట్రాన్స్‌కోలను మేము కోరునది పెద్దది కాదు. ప్రతి లైనునకు ఒక పట్టికను ప్రకటింపుడు. వేసిన సంవత్సరము, తీగ జాతి, ఇన్సులేటర్లు మార్చిన తేది, టవరు కాళ్ళను త్రవ్వి చూచిన తేది అందుండవలెను. డ్రోనులు, వేడిని చూపు కెమెరాలు వచ్చినవి, మంచిదే, వాడుకొనవలసినదే. వానితోపాటు, టవరుపైకి మనుష్యుడు కడపటిసారి ఎక్కి కొక్కెములను చూచిన తేదికి ఒక గడి కేటాయింపుడు. ఆ గడి ఖాళీగా నున్న లైన్లు ఏవియో ముందుగా ఆయా గ్రామములవారికి తెలియజేయుడు. వచ్చే తుపాను కాలమునకు ముందు అవి ఎక్కి చూడవలసిన మొదటి లైన్లు.